మూడో లైన్ వంతు

కెనడాలో, టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో, ఒక తెలుగువారింట వదినకీ మరిదికీ మధ్య జరిగిన వాదన ఇది. మరిది తొమ్మిది, పదేళ్ళ పిల్లల ఐస్ హాకీ జట్టుకి కోచ్. వదిన ఆ జట్టుకే మేనేజర్. ఆమె కొడుకు అందులో మొదటి లైన్‌లో ఆడతాడు. అది హౌస్ లీగ్ జట్టు. డబ్బు కట్టి పేరు రాయించుకున్న పిల్లలందర్నీ తీసుకుని, ఆట వచ్చినవాళ్ళనీ రానివాళ్ళనీ అన్ని జట్లకీ సమంగా పంచే పద్ధతి హౌస్ లీగ్‌ది. వాదనకి ముందురోజే ఆ జట్టు సెమీఫైనల్లో 3-2తో గెలిచింది. గెలిచిన తీరు మీదే గొడవ.

ఆట తెలియనివారి కోసం నాలుగు మాటలు. ఐస్ హాకీలో జట్టుకి మంచు మీద ఆరుగురుంటారు: గోల్ కాసే గోలీ, ఇద్దరు డిఫెన్స్, ముగ్గురు ఫార్వర్డ్‌లు. ఆడేది పక్ అనే రబ్బరు బిళ్ళతో. ఆ ముగ్గురు ఫార్వర్డ్‌లనీ కలిపి లైన్ అంటారు. ఒళ్ళు దాచుకోకుండా స్కేటింగ్ చేస్తే నిమిషం తిరిగేసరికి కాళ్ళు పట్టేస్తాయి. అందుకని ఆట నడుస్తుండగానే ఒక లైన్ బెంచ్ మీదికి వచ్చేస్తుంది, ఇంకో లైన్ దిగుతుంది. ఒకసారి దిగి ఆడి రావడం ఒక షిఫ్ట్. హౌస్ లీగ్‌లో మూడు లైన్లూ వరసగా దిగడం రివాజు. సెమీఫైనల్లో స్కోరు 2-2 ఉండగా, ఆఖరి ఆరు నిమిషాలూ మరిది మూడో లైన్‌ని దించలేదు. మొదటి రెండింటినే తిప్పాడు. గెలుపు గోల్ మొదటి లైనే కొట్టింది.

నా మొగ్గు వదిన వైపని ముందే చెప్పేస్తున్నాను. అయితే మరిది మాటల్లో కొట్టిపారేయలేనివి చాలా ఉన్నాయి. వాటిని తగ్గించి రాయలేదు.

వదిన: కోపంతో అడగడం లేదు. ఆ ఆరు నిమిషాలూ మూడో లైన్‌ని ఎందుకు ఆపావు?

మరిది: గెలవడానికి. ఇంకేముంది వదినా? సెమీఫైనల్, స్కోరు సమానం. అవతలి కోచ్ కూడా రెండు లైన్లకే కుదించాడు, మీరూ చూశారు. మన మూడో లైన్ దిగితే వాళ్ళ మొదటి లైన్ మీద పడి నలిపేసేది.

వదిన: పిల్లలకిచ్చిన మాట ఏమైంది మరి? సీజన్ మొదట్లో అందరికీ సమానంగా ఆట అని తల్లిదండ్రులకి ఉత్తరం రాసింది నేను. కింద సంతకం నీది.

మరిది: సమానంగానే ఇచ్చాను. లెక్క వినండి. పది నిమిషాల పీరియడ్లు మూడు, మొత్తం ముప్ఫై. మూడు లైన్లకి పంచితే తలా పది. ఆ ఆరు నిమిషాల్లో మూడో లైన్ వాటా రెండు. అంటే వాళ్ళు పదికి బదులు ఎనిమిది నిమిషాలు ఆడారు. సీజనంతా చూస్తే అదొక లెక్కా? రెండు నిమిషాలకి ఇంత రభస ఎందుకు?

వదిన: ఏ రెండు నిమిషాలో నీ లెక్కలో లేదు. తల్లిదండ్రులంతా కాఫీ కప్పులు పక్కనపెట్టి లేచి నిలబడ్డ రెండు నిమిషాలవి. నేను మీ బెంచ్ పక్కనే, గాజు ఇవతల ఉన్నాను. మూడో లైన్‌లోని చిన్నోడు తన వంతు వస్తోందని బెంచ్ మీద జరుగుతూ జరుగుతూ తలుపు దాకా వచ్చాడు. మౌత్‌గార్డ్ నోట్లో పెట్టుకున్నాడు. నువ్వు మొదటి లైన్ అని అరిచావు. వాళ్ళకి దారివ్వడానికి వెనక్కి జరిగాడు. కాసేపటికి మళ్ళీ తలుపు దాకా వచ్చాడు, మళ్ళీ జరిగాడు. మూడోసారి రాలేదు. మౌత్‌గార్డ్ తీసేసి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

మరిది: గెలిచాక అందరితో కలిసి వాడూ గంతులేశాడు. ఫొటో తీసింది మీరే.

వదిన: తీశాను. జట్టు గెలిస్తే పిల్లాడు గంతులేయక ఏంచేస్తాడు? చెమట ఆరిపోయిన చొక్కాతో గంతులేశాడు. వాళ్ళమ్మ నాతో ఒక్క మాట అనలేదు. జట్టుకి అవసరమైనప్పుడు తను అక్కరకు రానివాణ్ణని ఆ పిల్లాడికి నిన్న తెలిసింది. ఎవరూ నోటితో చెప్పనక్కర్లేకుండా తెలిసింది.

మరిది: సరే, ఇంకో పిల్ల సంగతి చెప్పండి. మన గోలీ. నిన్న ఒకదాని తర్వాత ఒకటి ఎన్ని షాట్లు ఆపింది! రెండో పీరియడ్‌లో పక్ వచ్చి మోచేతికి తగిలితే కళ్ళనీళ్ళు తుడుచుకుని మళ్ళీ నిలబడింది. ఆ పిల్ల పడ్డ కష్టానికి ఫలితం దక్కేలా చూడడం నా బాధ్యత కాదా? ముగ్గురి మీద జాలితో మిగతావాళ్ళందరి శ్రమా నీళ్ళపాలు చెయ్యమంటారా? అది మాత్రం న్యాయమా?

వదిన: ఆ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఓడితే ఆ పిల్ల ఏడ్చేది, నాకూ కడుపు తరుక్కుపోయేది. కానీ ఆ పిల్ల ఓడడానికీ వచ్చింది, గెలవడానికీ వచ్చింది. ఆడకుండా కూర్చోవడానికి మాత్రం ఎవరూ రాలేదు. ఇంకో సంగతి. నిన్న లాభపడింది నా కొడుకు. గెలుపు గోల్‌కి పాస్ ఇచ్చింది వాడే. నా ఇంటికి కలిసొచ్చిన పని మీదే నేను నిన్ను నిలదీస్తున్నానని గుర్తుపెట్టుకో.

మరిది: అదే నాకర్థం కావడం లేదు. పోటీ అంటూ పెట్టుకున్నాం, స్కోర్‌బోర్డు పెట్టుకున్నాం, ఫైనల్లో కప్పు పెట్టుకున్నాం. ఇవన్నీ పెట్టి గెలుపు లెక్కలోకి రాదంటే పిల్లలకి అబద్ధం చెప్పినట్టే. వాళ్ళు మనకన్నా తెలివైనవాళ్ళు. డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవడు బాగా ఆడతాడో, ఎవడికి పాస్ ఇవ్వకూడదో వాళ్ళే తేల్చేసుకుంటారు.

వదిన: గెలుపు వద్దని నేననలేదు. గెలవాలంటే రెప్ జట్లున్నాయి. ట్రైఔట్ పెట్టి, ఏరి, సింగిల్ ఎ, డబుల్ ఎ, ట్రిపుల్ ఎ అని మెట్లు కట్టారు. అక్కడ బెంచ్ కుదిస్తే నేను నోరెత్తను, ఆ సంగతి తెలిసే చేరతారు. ఇక్కడ అందరూ ఒకే ఫీజు కట్టారు, తెల్లారి అయిదింటికి ఒకే చలిలో లేచి వచ్చారు. పంక్తిలో కూర్చోబెట్టాక ఒకరి విస్తట్లో నెయ్యి, ఇంకొకరి విస్తట్లో నీళ్ళచారు పోస్తే అత్తయ్యగారు ఊరుకునేవారా?

మరిది: అమ్మని మధ్యలోకి తేకండి. ఆవిడుంటే నా పక్షమే.

ఇక్కడ నేనొక మాట కలపాలి. హౌస్ లీగ్ కోచ్‌కి జీతం ఉండదు. ఆఫీసు పని ముగించుకుని, రాత్రి ఎనిమిదికి ఖాళీ దొరికిన మంచు మీద పిల్లలచేత కోన్ల చుట్టూ స్కేటింగ్ చేయించి, పది జతల స్కేట్ల లేసులు బిగించి ఇంటికొస్తాడు. ఇరవై దాటాక ఈ దేశానికి వచ్చి, పడుతూ లేస్తూ స్కేటింగ్ నేర్చుకున్న తెలుగువాడు కోచ్ అయ్యాడంటే దాని వెనక పట్టుదల చాలా ఉంటుంది. అలాంటివాడు గెలవాలనుకోవడంలో నాకు తప్పేమీ కనబడదు. ఆ పట్టుదలకి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారన్నదే ప్రశ్న.

మరిది: మీరు మరిచిపోతున్నారు, ఇది హాకీ దిగ్గజం గ్రెట్జ్‌కీ పుట్టిన నేల. ఆయన ఊరు బ్రాంట్‌ఫర్డ్ ఇక్కడికి గంట దూరం. పదేళ్ళ వయసులో, 1971-72 సీజన్‌లో, ఆయన 378 గోల్స్ కొట్టాడు. అలాంటి పిల్లాణ్ణి మీ వంతుల లెక్కలో కూర్చోబెడితే ఏమయ్యేది?

వదిన: ఏమీ అయ్యేది కాదు. వాళ్ళ నాన్న వాల్టర్ పెరట్లో నీళ్ళు పోసి గడ్డకట్టించిన రింకు మీద ఆ పిల్లాడు పొద్దస్తమానం ఆడాడు. అక్కడ బెంచ్ లేదు, కోచ్ కూర్చోబెట్టింది లేదు. మంచు మీద గడిపే సమయమే ఆటగాణ్ణి తయారుచేస్తుందనడానికి ఆయన కన్నా సాక్ష్యం ఎక్కడుంది? ఎవరికైతే పెరట్లో రింకు లేదో, వాళ్ళకి నువ్విచ్చే పది నిమిషాలే దిక్కు. ఇంకోటి, గ్రెట్జ్‌కీ పుట్టింది జనవరి 26న. మన మూడో లైన్‌లో నువ్వు కూర్చోబెట్టిన చిన్నోడు డిసెంబర్‌లో పుట్టాడు.

మరిది: దానికీ దీనికీ ఏంటి సంబంధం?

వదిన: ఇక్కడ వయసు కేలండర్ సంవత్సరం ప్రకారం కడతారు. రోజర్ బార్న్‌స్లీ అని ఒక కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త భార్యతో కలిసి జూనియర్ హాకీ చూడ్డానికి లెత్‌బ్రిడ్జ్ వెళ్ళాడు. ప్రోగ్రామ్ పుస్తకంలో ఆటగాళ్ళ పుట్టినరోజులు చూసింది ఆవిడ. జనవరి, ఫిబ్రవరి, మార్చి, ఎటు చూసినా అవే. 1985లో దాని మీద పరిశోధనా పత్రం వచ్చింది. పైస్థాయి జట్లలో పదిమందికి సుమారు నలుగురు మొదటి మూడు నెలల్లో పుట్టినవాళ్ళు, ఆఖరి మూడు నెలల్లో పుట్టినవాడు ఏ ఒక్కడో. తర్వాత మాల్కమ్ గ్లాడ్‌వెల్ తన పుస్తకంలో రాసి దీన్ని లోకమంతా తెలిసేలా చేశాడు. జనవరి పిల్లాడు డిసెంబర్ పిల్లాడి కన్నా దాదాపు ఏడాది పెద్ద. మన జట్టులో రెండు సంవత్సరాల పిల్లలు కలిసి ఆడుతున్నారు, అంటే తేడా దాదాపు రెండేళ్ళు. తొమ్మిదేళ్ళ ఒంటికి రెండేళ్ళంటే ఎంతో నువ్వే చెప్పు. నువ్వు ఆటలో వెనకబడ్డవాడనుకుని కూర్చోబెట్టింది చిన్నవాణ్ణి. కూర్చోబెడుతూ పోతే నిజంగానే వెనకబడతాడు.

మరిది ఈ మాటకి వెంటనే జవాబివ్వలేదు. ఇచ్చిన జవాబు వేరే దారిలో వచ్చింది.

మరిది: అది పుట్టిన నెల గొడవే కాదు వదినా. వాడు స్కేట్లు కట్టి రెండేళ్ళయింది. మిగతావాళ్ళు మూడేళ్ళకే మొదలెట్టారు. పసిపిల్లల టిమ్‌బిట్స్ హాకీ జెర్సీ వేసుకుని మంచు మీద దొర్లిన పిల్లలు వాళ్ళు.

వదిన: అవును. వాడి అమ్మానాన్నలు మనలాగే వచ్చినవాళ్ళు కాబట్టి. ఐస్ అంటే ఫ్రిజ్‌లో ట్రేలో చూసిన మనం, పిల్లాడు బళ్ళో స్నేహితుల్ని చూసి అడిగితే ఏడెనిమిదేళ్ళకి చేర్పించాం. పంజాబీవాళ్ళు నయం, 2008 నుంచి టీవీలో హాకీ వ్యాఖ్యానం వాళ్ళ భాషలోనే వింటున్నారు. మన ఇళ్ళలో ఆఫ్‌సైడ్ అంటే పిల్లలే మనకి చెప్పాలి. మన పిల్లలు చాలామంది మూడో లైన్‌లోనే మొదలవుతారు. అక్కడే ఆపేస్తే ఇంకో ఏడాదికి మానేస్తారు.

మరిది: నాకు సానుభూతి లేదనుకోకండి. కానీ మనమంతా పైకొచ్చింది ఎలా? ఇంటర్‌లో ర్యాంకుల వారీగా సెక్షన్లు. నేను పై బ్యాచ్. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్స్. ఆ ఒత్తిడి లేకపోతే నేనిక్కడ ఉండేవాణ్ణా?

వదిన: మీ అన్నయ్య కింది సెక్షన్. మంచి లెక్చరర్లంతా మీ బ్యాచ్‌కి, ఆయన సెక్షన్‌కి వారానికొక కొత్త మొహం. ఆయన డౌట్ అడిగితే, నీకెందుకు పాస్ మార్కులు చూసుకో అన్నారట. ఇప్పటికీ ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు మారుతుంది. మరి ఆయనా ఇక్కడే ఉన్నాడు, ఈ వీధిలోనే, నీలాంటి ఉద్యోగమే. ఆ సెక్షన్లో ఎంతమంది ఆయనలా నిలదొక్కుకోలేకపోయారో నీకు తెలియదు, ఎందుకంటే నువ్వు పైనున్నావు. ఇంత దూరం వచ్చి పిల్లల ఆటలో మళ్ళీ ఆ సెక్షన్లే కడదామా?

మరిది: అన్నయ్య ఈ సంగతి నాతో ఎప్పుడూ అనలేదు.

వదిన: నువ్వడగలేదు.

కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. మళ్ళీ అందుకున్నది మరిదే. ఈసారి అతను తీసుకున్న చోటు గట్టిది.

మరిది: ప్రాక్టీస్‌కి రానివాడి సంగతేంటి? రెండో లైన్‌లో ఒకడున్నాడు, నెలలో సగం ప్రాక్టీస్‌లకి రాడు, ఫోన్ కూడా ఉండదు. ప్రతి ప్రాక్టీస్‌కీ ముందే వచ్చి మంచుని నునుపు చేసే జాంబోనీ బండి ఎప్పుడు బయటికి పోతుందా అని కాచుకునేవాడికీ వీడికీ ఒకే పది నిమిషాలా? అది ఏ న్యాయం?

వదిన: అది న్యాయం కాదు, ఒప్పుకుంటాను. చెప్పకుండా మానేసినవాడు తర్వాతి ఆటలో మొదటి షిఫ్ట్ కూర్చోవాలి. ఆ రూలు ముందే అందరికీ చెప్పాలి, ఇంకెవరి పిల్లాడికైనా, నా కొడుకుకైనా ఒకటే. కానీ ఆట మొదట్లో కూర్చోబెట్టు. ఆఖర్లో వద్దు. అయినా నువ్వు నిన్న కూర్చోబెట్టినవాడు ఒక్క ప్రాక్టీస్ కూడా మానలేదు. ఆ మానేసేవాడు మాత్రం ఆఖరి ఆరు నిమిషాలూ ఆడాడు.

మరిది: ...వాడి షాట్ బలమైంది.

వదిన: అదే చెబుతున్నాను.

మరిది: నార్వేలా చేద్దామంటారా అయితే? అక్కడ పదకొండేళ్ళ లోపు పిల్లలకి పాయింట్ల పట్టికలు, ర్యాంకులే ఉండవట.

వదిన: ఉండవు. పదమూడో ఏడు దాకా జాతీయ ఛాంపియన్‌షిప్‌లూ ఉండవు. అది వాళ్ళు క్రీడల్లో బాలల హక్కులని రాసుకున్న నియమం. పిల్లలు చెడిపోయారా? 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో యాభై అయిదు లక్షల జనం ఉన్న ఆ దేశానికి 16 స్వర్ణాలు. కెనడాకి 4.

మరిది: ఎక్కువగా స్కీయింగ్‌లో వదినా. హాకీలో కెనడా, స్వీడన్, ఫిన్లండ్‌ల సరసన నార్వేని ఎవరూ నిలబెట్టరు. స్కీయింగ్ చాలామటుకు ఒంటరి ఆట, అక్కడ ఒకడి తప్పుకి ఇంకొకడు ఓడడు. పోలిక నప్పదు.

వదిన: సరే, పూర్తిగా నప్పదు. హాకీలోనే చెప్తాను. 1980, లేక్‌ప్లాసిడ్ శీతాకాల ఒలింపిక్స్. అమెరికా కాలేజీ కుర్రాళ్ళు సోవియట్ జట్టుని 4-3తో కొట్టారు. వాళ్ళ కోచ్ హెర్బ్ బ్రూక్స్ నాలుగు లైన్లనీ చిన్న చిన్న షిఫ్టులతో తిప్పుతూనే వచ్చాడు. అందుకే మూడో పీరియడ్‌లో వాళ్ళ కాళ్ళలో సత్తువ మిగిలింది. నిన్న ఆఖరి నిమిషంలో నా కొడుకు వెనక్కి రాలేక రింకు మధ్య ఎర్ర గీత దగ్గరే ఆగిపోయాడు, చూశావా? మన గోలీ ఆపబట్టి సరిపోయింది.

మరిది: చూశాను. కానీ బ్రూక్స్ దేశమంతా గాలించి ఏరుకున్నవాళ్ళు వాళ్ళు. నాకు ఎవరొస్తే వాళ్ళు.

వదిన: అయితే లైన్లు కట్టే పద్ధతి మార్చు. నువ్వే కదా బాగా ఆడే ముగ్గురినీ ఒక లైన్‌లో, రానివాళ్ళ ముగ్గురినీ ఒక లైన్‌లో పెట్టింది? మూడో లైన్‌ని పుట్టించింది నువ్వే. ఒక్కో లైన్‌లో ఒక గట్టివాణ్ణీ, ఒక మధ్యరకాన్నీ, ఒక కొత్తవాణ్ణీ కలుపు. అప్పుడు ఏ లైన్ దిగినా నీకు గుండె దడ ఉండదు.

మరిది: ప్రయత్నించాను, నవంబర్‌లో. గట్టివాడు పక్ వదలడు. కొత్తవాడు ఖాళీగా నిలబడి స్టిక్‌తో మంచు కొడుతూ పాస్ అడిగినా ఇవ్వడు. కొత్తవాడు మూడో లైన్‌లో అయితే కనీసం పక్ ముట్టుకుంటాడు.

వదిన: పాస్ ఇవ్వడం నేర్పడమే నీ పని. నా కొడుకుతోనే మొదలుపెట్టు. వాడే అందరికన్నా ఎక్కువ వదలనివాడు.

మరిది నవ్వాడు. తర్వాత వాదన బజర్ మీదికి మళ్ళింది. కొన్ని లీగుల్లో రెండు నిమిషాలకోసారి బజర్ మోగుతుంది, మోగగానే అందరూ మారాలి. కోచ్ చేతిలో ఏమీ ఉండదు కాబట్టి అనుమానాలుండవు, ఈ లీగ్‌లోనూ అది పెట్టించాలని వదిన పట్టు. గోలీ ఒక్కణ్ణే ఎదురుగా పెట్టుకుని దూసుకుపోతున్న పిల్లాడు బజర్ మోగగానే పక్ వదిలేసి రావడం కన్నా ఘోరం ఇంకోటి లేదని మరిది. ఈ విషయంలో నాకు మరిది మాటే నచ్చింది. కోచ్ మాట మీద నిలబడితే బజర్ అవసరం రాదు.

మరిది: ఫైనల్లోనూ అవతలి కోచ్ కుదిస్తాడు. నేను కుదించకపోతే ఓడతాం. అది తెలిసే చెబుతున్నారా?

వదిన: తెలిసే. ఓడిపోదాం. వంతు ప్రకారం ఆడి ఓడితే ఆ ఓటమి పిల్లలందరిదీ. ఏ తల్లి వచ్చి అడిగినా నేను సమాధానం చెప్పుకోగలను. నిన్నటి గెలుపుకి చెప్పుకోలేకపోయాను.

మరిది: పవర్ ప్లే మాత్రం నాకు వదిలేయండి. అవతలివాడు పెనాల్టీ బాక్స్‌లో ఉన్న రెండు నిమిషాలూ నేను ఎంచుకున్నవాళ్ళే దిగుతారు.

వదిన: దానికీ నేను ఒప్పుకోను.

మరిది: ఒప్పుకోకపోయినా అంతే.

వాళ్ళు అక్కడ కుదరలేదు. నాకు తోచింది చెబుతాను: పవర్ ప్లే కూడా వంతు ప్రకారమే పోవాలి. అవతల ఒక మనిషి తక్కువున్నప్పుడే కదా కొత్తవాడికి పక్‌తో నిలబడడానికి కాస్త చోటు దొరికేది. మిగతాదంతా ఆ రాత్రే కాగితం మీద పెట్టారు. ప్రతి లైన్‌లో కొత్తవాళ్ళూ పాతవాళ్ళూ కలిసి ఉంటారు. ఆఖరి సెకను దాకా లైన్లు వరసగా దిగుతాయి. చెప్పకుండా ప్రాక్టీస్ మానినవాడు తర్వాతి ఆటలో మొదటి షిఫ్ట్ కూర్చుంటాడు. చివర్లో గోలీని బయటికి పిలిచి ఆరో ఆటగాణ్ణి దించాల్సివస్తే, వంతులో తర్వాత ఎవరుంటే వాళ్ళే దిగుతారు. ఈ ఆఖరిదాన్ని రాసింది మరిదే. వదిన అడగలేదు.

పిల్లల్ని ఏ హౌస్ లీగ్‌లో చేర్పిస్తున్నా, అది హాకీ కానివ్వండి, క్రికెట్ కానివ్వండి, ఫీజు కట్టేముందు కోచ్‌ని కలిసి ఒక్క ప్రశ్న అడగండి: స్కోరు సమంగా ఉన్నప్పుడు ఆఖరి నిమిషాల్లో ఎవరు ఆడతారు? వంతు వచ్చినవాళ్ళు అని తడుముకోకుండా చెప్పిన చోట చేర్పించండి. మీ బిడ్డ ఆ జట్టులో అందరికన్నా బాగా ఆడేవాడైనా సరే, అడగండి.